పదో దినం అక్షింతలు

పెండ్లిండ్ల కాలంలో ఆదివారం పూట మేయర్ సారంగపాణి కుర్తా ఎడమ జేబులో అక్షింతలు ఉంటాయి. ఈ ఏర్పాటు ఆయన పీఏ శేఖర్ చేశాడు. మొదట్లో ప్రతి మండపంలోనూ అక్షింతల పళ్ళెం వచ్చేదాకా మేయర్ స్టేజి మీద నిలబడాల్సి వచ్చేది. పళ్ళెం పట్టుకున్న పిల్ల ఎక్కడో సెల్ఫీ దిగుతూ ఉండేది. ఈలోగా ఇంకో చోట తాళి కట్టడం అయిపోయేది. పిలిస్తే రాలేదన్న సంగతి వరంగల్ మనుషులు మరిచిపోరు. ఓట్లప్పుడు తీరిగ్గా యాది చేస్తారు. అందుకని శేఖర్ పొద్దున్నే బియ్యంలో పసుపు, ఇంత నెయ్యి కలిపి డబ్బాలో తెచ్చి మేయర్ జేబు నింపుతాడు.

అప్పటినుంచి పని సులువైంది. మేయర్ కారు దిగుతాడు. నడుస్తూనే జేబులో చెయ్యి పెడతాడు. జంట నెత్తిన నాలుగు గింజలు వేసి, "పిల్లాపాపలతోని సల్లగుండుండ్రి" అంటాడు. ఫొటోకు నిలబడతాడు. దిగుతాడు. అన్నం మాత్రం ఎక్కడా తినడు. ఒకరింట్లో తిని ఇంకొకరింట్లో తినకపోతే అదొక మాట.

వారంలో మిగిలిన రోజులకూ ఇట్లాగే ఒక వరస ఉంది. సోమవారం ప్రజావాణిలో అర్జీలు. మంగళవారం పొద్దున పారిశుధ్యం తనిఖీ. ఆ తర్వాత శంకుస్థాపనలు, బడి పిల్లల ఆటల పోటీలు, కుల సంఘాల భవనాలకు కొబ్బరికాయలు, ఆదివారం శుభకార్యాలు, వాటి నడుమ పరామర్శలు. బజారులో తాతల నాటి బట్టల దుకాణం నడిపిన కుటుంబం ఆయనది. దుకాణానికి వచ్చినవాళ్ళను ఒట్టిచేతులతో పంపకపోవడం చిన్నప్పుడే నేర్చుకున్నాడు. కార్పొరేటర్ అయ్యాక, మేయర్ అయ్యాక కూడా అదే పద్ధతి. ఎవరు పిలిచినా పోతాడు, ఒక మాట చెప్పి వస్తాడు.

ఆ ఆదివారం నాలుగో పెండ్లి నుంచి ఐదో పెండ్లికి పోతున్నారు. ముందు సీటులోంచి శేఖర్ వెనక్కి తిరిగి చెప్పాడు.

"అన్నా, నడుమల ఎల్లస్వామి ఇల్లు. ఇయ్యాల పదో దినం. రెండు నిమిషాలు దిగి పోదాం."

మేయర్ ఫోన్‌లో ఉన్నాడు. ఒక కార్పొరేటర్ తన డివిజన్‌లో కాలిపోయిన బోరు మోటరు గురించి గట్టిగా మాట్లాడుతున్నాడు. సారంగపాణి "ఆఁ" అన్నాడు. ఆ "ఆఁ" శేఖర్‌కో, కార్పొరేటర్‌కో ఆయనకే తెలియదు.

ఎల్లస్వామి గింజల మార్కెట్‌లో హమాలీ. సారంగపాణి మొదటిసారి కార్పొరేటర్‌గా నిలబడ్డప్పుడు జెండా కట్టెలు భుజాన వేసుకుని గల్లీ గల్లీ తిరిగాడు. గెలిచాక ఏమీ అడగలేదు. బస్తా ఎత్తుతూ గుండె పట్టుకుని కూలబడ్డ రోజున మేయర్ హైదరాబాద్‌లో మీటింగ్‌లో ఉన్నాడు. దహనానికి అందలేదు. కనీసం పదో దినానికైనా పోకపోతే బాగుండదని శేఖర్ ఆ రోజు ప్రోగ్రాంలో ఆ ఇల్లు పెట్టాడు.

కారు ఆగింది. ఇంటి ముందు షామియానా ఉంది. ఎర్ర కుర్చీలు ఉన్నాయి. పక్కన కట్టెల పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. సౌండు బాక్సులో ఏదో భక్తి పాట మోగుతోంది. పెండ్లికైనా దినానికైనా షామియానా ఇచ్చేవాడు ఒకడే, కుర్చీలు అవే, వంటవాళ్ళూ వాళ్ళే. షామియానా కింద ఒక ఆడమనిషి పీట మీద కూర్చుని ఉంది. కొత్త చీర కట్టుకుంది. ముఖాన పసుపు, నొసట బొట్టు, తలలో పూలు, మోచేతుల దాకా గాజులు. పదో దినం నాడు భర్త పోయిన మనిషిని చివరిసారి అట్లా సింగారించి కూర్చోబెడతారు. ఆ తర్వాత నీళ్ళ దగ్గరికి తోలుకుపోయి అన్నీ తీసేస్తారు.

సారంగపాణి ఫోన్ చెవికి పెట్టుకునే నడిచాడు. జనం లేచి దారి ఇచ్చారు. ఎడమ చెయ్యి జేబులోకి పోయింది. పీట ముందు ఆగి, ఫోన్ దించి, కుడిచేతిలోకి గింజలు మార్చుకుని, ఆమె నెత్తిన వేశాడు. చెయ్యి ఆమె తల మీద ఆనించాడు.

"పిల్లాపాపలతోని సల్లగుండుండ్రి" అన్నాడు.

ఆమె తల ఎత్తింది. వినోద. ఎల్లస్వామి భార్య. ఆమె వెనక కుర్చీలో దండ వేసిన ఎల్లస్వామి ఫొటో ఉంది.

బాక్సులో పాట మాత్రం నడుస్తోంది. ఒక ముసలామె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎల్లస్వామి అన్న రాయమల్లు నోరు తెరిచి మేయర్ వైపు చూస్తున్నాడు. షామియానా గుంజ దగ్గర ఎవరిదో ఫోన్ ఎత్తి పట్టి ఉంది. మేయర్ ఎక్కడికి వచ్చినా ఫోన్లు అట్లాగే ఎత్తి ఉంటాయి.

సారంగపాణి చెయ్యి తీసుకున్నాడు. ఫొటోకు దండం పెట్టాడు. రాయమల్లు భుజం తట్టి, "ధైర్యంగ ఉండుండ్రి" అన్నాడు. తిరిగి కారు దగ్గరికి వచ్చేదాకా తల ఎత్తకుండా తన కాళ్ళనే చూసుకుంటూ నడిచాడు.

కారు కదిలాక శేఖర్ అడిగాడు. "ఏమైందన్నా నీకు?"

"పెండ్లనుకున్న."

"గంత పెద్ద ఫొటో పెట్టిండ్రు గదనే!"

"పెండ్లిండ్లల్ల గూడ పెద్ద పెద్ద ఫొటోలే పెడ్తాండ్రు గదరా."

డ్రైవర్‌కు నవ్వు వచ్చింది. దగ్గినట్టు చేసి దాచుకున్నాడు. సారంగపాణి అద్దంలోంచి అది చూశాడు.

"బండి వెనుకకు తిప్పు" అన్నాడు.

డ్రైవర్ వేగం తగ్గించాడు. శేఖర్ తిప్పనివ్వలేదు. "పోయి ఏమంటవన్నా? గంతమంది ముంగట యాదిమరిచిన అంటవా? సచ్చినోని ఇంటికి పోతాన అన్న సోయి గూడ లేదా మేయర్‌కు, అనరా? అవుతల ముహూర్తం దాటిపోతాంది."

డ్రైవర్ అద్దంలోంచి మేయర్ ముఖం చూశాడు. మేయర్ కిటికీ వైపు తిరిగాడు. కారు ముందుకే పోయింది. ఐదో మండపంలో ఆయన చెయ్యి మళ్ళీ జేబులోకి పోయింది. అవే గింజలు, అదే మాట. ఆ జంట వంగి కాళ్ళకు మొక్కారు.

సాయంత్రానికి వీడియో ఊరంతా తిరిగింది. పాట చప్పుడుకు అందులో మేయర్ మాట వినపడటం లేదు. చెయ్యి కనపడుతోంది, గింజలు పడటం కనపడుతోంది, వినోద తల ఎత్తడం కనపడుతోంది. కింద ఎవరో రాశారు: "భర్త పోయిన చెల్లెకు అక్షింతలేసిన మేయరన్న. దురాచారానికి చెంపదెబ్బ."

శేఖర్ ఫోన్ తెచ్చి చూపించాడు. "సూసినవా అన్నా, మనం నోరు తెరవకముందే మంచిగైంది. ఇగ ఫికర్ జెయ్యకు. ఎవ్వలన్న అడిగితె నవ్వు, గంతే." ఫోన్ జేబులో పెట్టుకుంటూ ఇంకో మాట చెప్పాడు. "వినోదక్క నీళ్ళ కాడికి పోలేదంట. అన్న అక్షింతలేసిండు, ఇగ నేను గాజులు తీయ అన్నదంట."

వినోద గాజులు అమ్ముతుంది. హనుమకొండలో తోపుడుబండి ఉంది. మేడారం జాతరకు కొట్టు వేస్తుంది. ఊళ్ళో ఎవరింట్లో పెండ్లయినా, శ్రీమంతమైనా గాజుల మూట నెత్తిన పెట్టుకుని పోయి ఆడవాళ్ళ చేతులకు తొడుగుతుంది. నొప్పి తెలియకుండా తొడుగుతుందని పేరు. కానీ బోసి చేతుల మనిషితో ఏ తల్లీ తన బిడ్డకు గాజులు తొడిగించుకోదు. గాజులు తీస్తే వినోదకు మొగుడితో పాటు బతుకుదెరువూ పోయినట్టే. ఈ సంగతి శేఖర్ విడమరిచి చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు.

సోమవారం ప్రజావాణికి అర్జీలకంటే ముందు శాలువా వచ్చింది. సుబేదారిలో మహిళా సంఘం నడిపే స్నేహలత, రిటైరైన లెక్చరర్, పదిమంది ఆడవాళ్ళతో వచ్చింది.

"సర్, మేము ముప్పై ఏండ్ల సంది మీటింగులు పెట్టి పెట్టి అలిసిపోయినం. మీరు ఒక్క చేత్తోని చేసి చూపెట్టిండ్రు."

"నేను అనుకుని చేసింది కాదు మేడం" అన్నాడు సారంగపాణి. "ఏదో అట్ల అయిపోయింది."

"అదే సర్ గొప్పతనం. అనుకుని చేస్తే రాజకీయం. మనసుల ఉన్నది కాబట్టి చేతిలకొచ్చింది."

ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆయన చెప్పింది నిజం. అది వినయమని వాళ్ళు అనుకున్నారు. శాలువా భుజాన ఉండగానే ఇంకోసారి చెప్పాలని నోరు తెరిచాడు. ఫొటోగ్రాఫర్ "సర్, ఇటు" అన్నాడు. ఆయన అటు చూశాడు. వచ్చే ఆదివారం సాయంత్రం సుబేదారిలో సన్మాన సభ పెడతామని, రావాలని స్నేహలత అడిగింది. శేఖర్ వెంటనే సరేనన్నాడు.

మంగళవారం పొద్దున బజారులో పారిశుధ్యం తనిఖీకి పోతే, చీపురు పట్టుకుని నిలబడ్డ సారలమ్మ అనే కార్మికురాలు పలకరించింది.

"సారూ, నా మొగడు పోయి శాన దినాలాయె. మా గల్లీకెప్పుడొస్తవ్? నా నెత్తిన గూడ నాలుగు గింజలెయ్యి, నేనూ టీవీల పడ్త."

తోటి ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. "ఆమెకు గింజలెందుకు సారూ, జీతం టయానికెయ్యమను" అంది ఇంకొకామె. సారంగపాణి కూడా నవ్వాడు. నవ్వాక చూస్తే సారలమ్మ నవ్వడం లేదు. ఆయన జేబు వైపు చూస్తోంది. మంగళవారం కాబట్టి జేబు ఖాళీగా ఉంది. ఆదివారం అయినా ఆమెకు వేసేవాణ్ణి కాదని ఆయనకు తెలుసు. డ్రైన్‌లో పూడిక గురించి శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ను రెండు మాటలు అని, తొందరగా కారెక్కాడు.

బుధవారం రాయమల్లు ఆఫీసుకు వచ్చాడు. తువ్వాల తల నుంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సాబ్, నేను కొట్లాటకు రాలే. ఒక్క ముచ్చట అడిగి పోదామని వచ్చిన. నువ్వు సోయిల ఉండి ఏసినవా, సోయి లేక ఏసినవా?"

సారంగపాణి బల్ల మీద గాజు పేపర్‌వెయిట్‌ను పక్కకు జరిపాడు.

"కులపోళ్ళు నన్ను బజార్ల నిలవెడ్తాండ్రు సాబ్" అన్నాడు రాయమల్లు. "తమ్ముని కార్యం సగంల ఆగింది, ఆని ఆత్మ ఇంటి సుట్టే తిరుగుతాంది అంటాండ్రు. వినోదను నేనేమన్న అంటె, మేయరన్న అక్షింతలేసిండు బావా, ఆయనకంటె నీకెక్కువ ఎరికా అంటాంది. నువ్వు ఎరికతోనే ఏస్తివంటె, నేను కులపోళ్ళకు గదే చెప్త, నోరు మూసుకుంట. మరిచి ఏస్తివంటె గది చెప్పు. ఏదో ఒకటి చెప్పు."

"ఆదివారం ఇంటికొస్త రాయమల్లూ. అందరం కూసోని మాట్లాడుకుందాం."

అర్జీ పట్టుకుని వచ్చినవాళ్ళతో ఆయన రోజూ అనే మాటే అది. రాయమల్లు తువ్వాల తలకు చుట్టుకుని పోయాడు.

గురువారం ఇంట్లో అన్నానికి కూర్చున్నాడు. భార్య సుగుణ వంటింట్లో ఉంది. తల్లి బక్కమ్మ ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుని, మనవరాలు పంపిన వీడియోను ఫోన్‌లో మళ్ళీ మళ్ళీ చూస్తోంది. ఆమె భర్త పోయి చాలా ఏండ్లయింది.

"మంచి పని చేసినవు బిడ్డా" అంది.

సారంగపాణి ముద్ద కలుపుతున్నాడు.

"నీకు గింత మనసున్నదని నాకెరిక లేదు. మన అనూష పెండ్లప్పుడు గిట్లనే అనుకున్నా బాగుండు. పోనీ తియ్యి. మనిషి మారుడు మంచిదే."

అనూష ఆయన బిడ్డ. పెండ్లయి రెండేండ్లయింది. తాళి కట్టే సమయానికి స్టేజి మీదకు మంత్రులు, ఎమ్మెల్యేలు వచ్చారు. ఆయనే తల్లి దగ్గరికి పోయి, అమ్మా జర లోపల అర్రల కూసో, ముహూర్తం అయినంక పిలుస్త అన్నాడు. ఆమె పోయి కూర్చుంది. ముహూర్తం అయింది. అప్పగింతలూ అయ్యాయి. పిలవడం ఆయనకు యాదికి రాలేదు. ఆమె మనవరాలి పెండ్లిని తర్వాత ఆల్బంలో చూసింది. ఈ విషయం ఇంతవరకూ ఇద్దరి మధ్యా మాటల్లోకి రాలేదు.

"అమ్మా, అది..." అన్నాడు.

"సిగ్గెందుకురా? మంచి పని చేసి గూడ సిగ్గు పడ్తవా?" అని నవ్వింది. "గా పిల్ల మొఖం సూడు, ఎట్ల సూస్తాందో నిన్ను."

ఫోన్ ఆయన కంచం పక్కన పెట్టింది. ఆయన అందులో చూడలేదు. అన్నం సగం వదిలి చెయ్యి కడుక్కున్నాడు. ఒంట్లో బాగాలేదా అని సుగుణ వంటింట్లోంచి అడిగింది. ఎండ తగిలిందన్నాడు.

శుక్రవారం ఒక బడిలో మాట్లాడుతూ స్త్రీల గౌరవం అన్న మాట నోటికొచ్చి ఆగిపోయాడు. పిల్లలు చప్పట్లు కొట్టాలా వద్దా అని టీచర్ల వైపు చూశారు. శనివారం ఒక విలేకరి ఫోన్ చేసి, ఈ ఆలోచన ఎప్పటినుంచి ఉంది సార్ అని అడిగాడు. శేఖర్ ఫోన్ తీసుకుని చిన్నప్పటినుంచి అని చెప్పాడు. ఆ మాట విన్నాక సారంగపాణి తీర్మానించుకున్నాడు. రేపు రాయమల్లు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాడు. చెప్తే సుబేదారి సభ ఉండదు. అమ్మకూ తెలిసిపోతుంది. ఆ తర్వాత ఎవరూ తనను చూసి చెయ్యెత్తి మొక్కరు. ఆ ఆలోచనతో ఆ రాత్రి ఆయనకు వారం తర్వాత మొదటిసారి నిద్ర పట్టింది.

ఆదివారం రెండు పెండ్లిండ్ల నడుమ ఎల్లస్వామి ఇంటికి పోయాడు. శేఖర్‌ను కారులోనే ఉండమన్నాడు. వాకిట్లో రాయమల్లు, అతని కులపెద్దలు ఇద్దరు మంచం మీద కూర్చుని ఉన్నారు. వినోద లోపలినుంచి కుర్చీ తెచ్చి వేసింది. నొసట చిన్న బొట్టు ఉంది. చేతులకు ఆకుపచ్చ గాజులు ఉన్నాయి. గడప పక్కన గాజుల మూట విప్పి ఉంది. ఎర్రవి, పచ్చవి, బంగారు చుక్కలవి విడివిడిగా దారాలకు గుచ్చి పెట్టుకుంది.

"కూసో అన్నా" అంది. "నీ పుణ్యాన గిరాకి ఆగలే. వీడియో సూసినోళ్ళు వెతుక్కుంట వస్తాండ్రు. ఇయ్యాల ఒకామె బిడ్డ శ్రీమంతానికి మాట్లాడ వస్త అన్నది. ఆయన పోయినంక గదే మొదటి శ్రీమంతం."

సారంగపాణి ఆ మాటలు విన్నాడు. విన్నాడని తర్వాత ఆయన తనకు తాను చాలాసార్లు ఒప్పుకోవాల్సి వచ్చింది.

రాయమల్లు గొంతు సవరించుకున్నాడు. "సాబ్, పెద్దమనుషులు వచ్చిండ్రు. నేను అడిగింది మళ్ళ అడుగుతాన. సోయిల ఉండి ఏసినవా, లేక ఏసినవా?"

వినోద గడపలో కూర్చుని దారానికి ముడి వేస్తోంది. తల ఎత్తలేదు. సోయిల ఉండే ఏసిన అంటే అయిపోతుంది. రాయమల్లు లేచి పోతాడు. కులపెద్దలు గొణుక్కుంటారు, పోతారు. ఒక్క మాట. కానీ ఆ మాట చెప్పినవాడు సాయంత్రం సుబేదారికి పోవాలి. పూలదండ వేయించుకోవాలి. ఇంటికి పోయి తల్లి ఎదురుగా కూర్చోవాలి. ఈ రోజే కాదు, ఇక ఎప్పటికీ.

"మరిచి ఏసిన" అన్నాడు సారంగపాణి. "పెండ్లి నుంచి వచ్చిన. పెండ్లే అనుకున్న. జేబుల ఉండె, ఏసిన. తప్పయింది, మాఫ్ చెయ్యుండ్రి."

చెప్పేసి కుర్చీలో వెనక్కి వాలాడు. కులపెద్దల్లో ఒకాయన తొడ మీద చరిచి, "నేనేం జెప్పిన?" అన్నాడు.

అప్పుడు గేటు దగ్గర చప్పుడైంది. ఒక నడివయసు ఆమె గడియ మీద చెయ్యి పెట్టి నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో తెలియదు.

"రా అక్కా" అంది వినోద లేస్తూ.

ఆమె మేయర్‌ను చూసింది. వినోద చేతులను చూసింది. "లేదు చెల్లే. మళ్ళొస్త. ఇంట్ల అడిగి..." అంటూనే గడియ వదిలేసి గల్లీలోకి నడిచింది.

వినోద గేటు వైపు కాసేపు చూసి, సారంగపాణి వైపు తిరిగింది. కోపంగా లేదు.

"నాకెరికే అన్నా" అంది.

"ఏమెరికే?" అన్నాడు రాయమల్లు.

"అన్న మరిచి ఏసిండని. నా నెత్తి మీద చెయ్యి పెట్టి పక్కకు సూసిండు. నా పక్కన పెండ్లి పిలగాడు ఏడని దేవులాడిండు. నాకు గప్పుడే ఎరికైంది."

"ఎరికై గూడ మా ముంగట గింత నాటకమా?"

"నేను తీయనంటె మీరింటరా బావా? మేయరన్న అన్నడంటె వారం దినాలు నోరు మూసుకున్నరు. నాకు గా పేరే గావాలె. ఆయన ఎందుకేసిండో నాకెందుకు?" మళ్ళీ సారంగపాణి వైపు తిరిగింది. "నేను నిన్నేమన్న అడిగిన్నా అన్నా? పెన్షన్ అడిగిన్నా, ఇల్లు అడిగిన్నా? సప్పుడు జెయ్యక కూసున్నా అయిపోవు."

"అబద్ధం మొయ్యలేకపోయిన వినోదా."

"మొయ్యలేకపోయినవు. దించి నా నెత్తిన పెట్టినవు."

సారంగపాణి కుర్చీలోంచి లేచాడు. సభల్లో మాట్లాడే గొంతు తెచ్చుకున్నాడు. "రాయమల్లూ, పెద్దమనుషులారా, అప్పుడు మరిచి ఏసిన. ఇప్పుడు సోయిల ఉండి చెప్తాన. ఆమె గాజులు తీయొద్దు. మేయర్‌గ చెప్తాన."

రాయమల్లు మంచం మీదినుంచి లేవలేదు. అతని గొంతులో ఎగతాళి కూడా లేదు.

"సాబ్, మీ అమ్మ చేతులకు గాజులున్నయా?"

కులపెద్దలు నేల వైపు చూశారు. తన మీద జాలితో అట్లా చూస్తున్నారని సారంగపాణికి అర్థమైంది. వారం రోజుల చప్పట్లు ఇంతగా కాల్చలేదు.

"మేయర్ మాట అయిపోయింది బావా" అంది వినోద. "ఇగ నా మాటే ఉన్నది. ఇంటె ఇనుండ్రి, లేకుంటె లేదు."

గాజుల దారాలన్నీ మూటలో సర్ది ముడి వేసింది. మూట ఎత్తి నెత్తిన పెట్టుకుంది. గేటు తెరుచుకుని, ఆ మనిషి పోయిన వైపు గల్లీలో నడిచింది. "అక్కా, జర ఆగు" అని ఆమె పిలవడం వినపడింది. ఇంకోసారి పిలవడమూ వినపడింది. అవతలినుంచి జవాబు వచ్చిందో లేదో వాకిట్లో ఉన్నవాళ్ళకు తెలియలేదు.

రాయమల్లు తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. బయట శేఖర్ ఒకసారి హారన్ కొట్టించాడు.

నెల తిరగని చావింటినుంచి లేచేటప్పుడు పోయొస్తా అని చెప్పరు. వచ్చినవాళ్ళు మాట లేకుండా లేచి పోతారు, ఇంటివాళ్ళు సాగనంపరు. సారంగపాణి ఎవరి వైపూ చూడకుండా గేటు దాటాడు. ఆ పద్ధతి ఏ కాలంలో ఎవరు పెట్టారో గానీ, ఆ రోజు ఆయనకు అది తల దాచుకునే చోటైంది.